మా ఊరి బొడ్రాయి పండుగ కమిటీకి ఒక ఆడబిడ్డ బహిరంగ లేఖ

బొడ్రాయి పండుగ కమిటీ పెద్దలకు, సర్పంచ్ గారికి, అన్ని కులాల పెద్దమనుషులకు, యూత్ తమ్ముళ్లకు,

నమస్కారం.

పోయిన ఆదివారం పొద్దున మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మాఘమాసంల బొడ్రాయి పండుగ ఖాయమైంది. ఊరి ఆడబిడ్డలందర్నీ పిలుస్తున్నం. బావను, పిల్లలను తోలుకొని రెండు రోజులు ముందే రా. ఒడిబియ్యం పోస్తం" అన్నాడు. వింటుంటేనే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకిప్పుడు యాభై ఆరేళ్లు. పెళ్లయి ఊరు విడిచి ముప్పై మూడేళ్లయింది. ఊరు పుట్టినప్పుడు నాటిన రాయికి చేసే ఈ బొడ్రాయి పండుగ మన ఊర్లో చివరిసారి జరిగినప్పుడు నేను మూడో తరగతి. మా అమ్మ బిందె నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే ఆమె కొంగు పట్టుకుని నడిచాను. బొడ్రాయి చుట్టూ నీళ్లు పారి, ఆ బురదకు పసుపు కలిసి, ఇంటికొచ్చేసరికి పిల్లలందరి కాళ్లూ పచ్చగా అయిపోయాయి. మళ్లీ ఆ పండుగ చూస్తానని నేను అనుకోలేదు.

మధ్యాహ్నం ఇంకో ఫోన్ వచ్చింది. నా క్లాస్‌మేట్. పేరు రాయను, మీకందరికీ తెలుసు. ఒకటో తరగతి నుంచి పది దాకా ఒకే బెంచీలో కూర్చున్నాం. హైస్కూలుకు మూడు కిలోమీటర్లు ఇద్దరం కలిసే నడిచాం. ఆమె మాదిగవాడ ఆడబిడ్డ. కొత్తకోట దిక్కు ఒక ఊరికి ఇచ్చారు. "పండుగకు వస్తున్నవా?" అని అడిగింది. వస్తున్నానన్నాను. "మరి నువ్వు?" అన్నాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నన్నెవరు పిలుస్తరే? మా అన్నను అడిగితే, వాడకు ట్రాక్టర్ల అన్నం పంపిస్తరంట, బడి కాడ వడ్డిస్తరంట అన్నడు. అన్నం కోసం బస్సెక్కి రావాల్నా?" అంది.

నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు కమిటీలో ఉన్న మా చిన్నాయనకు ఫోన్ చేసి ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను. వీధి వీధి నుంచి ఆడవాళ్లు మంగళహారతులతో, నీళ్ల బిందెలతో బొడ్రాయి దగ్గరికి రావాలని లిస్టు రాశారు. అందులో వాడ వీధి లేదు. హోమంలో కూర్చోవడానికి కులానికి ఒక జంటను అనుకున్నారు. అందులో మాదిగ జంట లేదు, మాల జంట లేదు. భోజనాలు గుడి ముందు టెంటు కింద. వాడకు మాత్రం ట్రాక్టర్లో. డప్పు కొట్టడానికి మాత్రం వాడ నుంచి పదిమంది రావాలి. వాళ్లు మూలమలుపు దగ్గరే నిలబడి కొట్టాలి, బొడ్రాయి గద్దె దాకా రావద్దు. చందా మాత్రం ఇంటికి 2,000 రూపాయలు, వాడకూ అంతే. లిస్టులన్నింటిలో లేని వాడ, చందా పుస్తకంలో ఉంది.

ఇది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, నలుగురిలో పెట్టడం ఎందుకని మీరు అంటారని తెలుసు. ముందు ఇంట్లోనే మాట్లాడాను. ఒకరు "నీకెందుకమ్మా, వచ్చి ఒడిబియ్యం పోసుకొని పో" అన్నారు. ఇంకొకరు "తరతరాల ఆచారం, నువ్వొచ్చి మారుస్తవా" అన్నారు. అందుకే రాస్తున్నాను. మన ఊరి పేరు రాయడం లేదు. మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నల్లగొండ, సూర్యాపేట... ఏ ఊరివాళ్లు చదివినా ఇది మా ఊరి ముచ్చటే అనుకునే అవకాశం ఉంది. అనుకుంటే మంచిదే.

బొడ్రాయి అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర లేదు. ఊరికి బొడ్డు. ఊరు పుట్టినప్పుడు మొదట నాటిన రాయి. గుంతలో నవధాన్యాలు పోసి, భూలక్ష్మి, మహాలక్ష్మి అని పిలిచి, ఈ నేల మీద బతికే మనుషులూ, గొడ్డూ గోదా, పంటా పాడీ చల్లగా ఉండాలని మొక్కి నాటుతాం. అందుకే ఆ పండుగకు ఎక్కడెక్కడో ఉన్న ఆడబిడ్డలను వెతికి మరీ పిలుస్తాం. ఆడబిడ్డ వస్తే ఊరి కడుపు నిండుతుందని పెద్దలు అనేవాళ్లు. మరి నా క్లాస్‌మేట్ ఈ ఊరి ఆడబిడ్డ కాదా? ఆమె బొడ్డు కోసింది ఈ ఊర్లోనే కదా? మన ఊర్లో నా ఈడు పిల్లలు ఎంతమంది పుట్టారో, వాళ్లలో చాలామందికి బొడ్డు కోసిన మంత్రసాని ఆమె అవ్వే. నాకు కూడా. మా అమ్మ చెప్పేది, నేను అడ్డం తిరిగితే ఆ అవ్వ రాత్రంతా కూర్చుని సరిచేసి బయటికి తీసిందని. నా బొడ్డు కోసిన చేతులు ఊరి బొడ్డును తాకకూడదా?

మనది కురుమూర్తి స్వామిని ఇంటి దేవుడిగా కొలిచే ఊరు. ఇప్పుడు కొంచెంసేపు ఆయన గురించి మాట్లాడతాను, ఎందుకంటే నా వాదనంతా ఆయన పాదాల దగ్గరే ఉంది.

దీపావళి పోయాక మా నాయిన ఎద్దుల బండి కట్టేవాడు. పేదోళ్ల తిరుపతి అని మన పాలమూరంతా పిలుచుకునే ఆ గట్టుకు మన ఊరి నుంచి పూట ప్రయాణం. జాతరలో మిఠాయి దుకాణాలు, రంగులరాట్నం అన్నీ ఉండేవి కానీ మా నాయిన మొదట మమ్మల్ని తీసుకుపోయేది ఉద్దాల దగ్గరికి. ఉద్దాలంటే స్వామి పాదుకలు, తోలు చెప్పులు. చిన్నచింతకుంట మండలంలోని చిన్నవడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలు ఉపవాసాలుండి, నియమనిష్ఠలతో వాటిని కుడతాయి. అక్కడి నుంచి ఊరేగింపుగా గట్టుకు వస్తాయి. దారి పొడవునా వేలమంది ఎదురుచూస్తుంటారు. ఒక్కసారి తాకితే చాలని తోసుకుంటారు. ఆ ఉద్దాలను తలకు తాకించుకుంటే పీడలు పోతాయని నమ్మకం. మా నాయిన నన్ను భుజాల మీద ఎత్తుకుని తల వంచమనేవాడు. కొత్త తోలు వాసన, పసుపు వాసన, కొబ్బరి వాసన కలిసి వచ్చేది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తు.

స్వామి కుబేరుడి అప్పు కట్టలేక తిరుమల విడిచి మన దిక్కు నడిచి వచ్చాడని పెద్దలు చెప్పే కథ కూడా మీకు తెలుసు. అప్పుల బాధకు ఊరు విడిచిన దేవుడు! పాలమూరు జనానికి ఆయన మీద అంత ప్రేమ ఎందుకో నాకు ఈ కథలోనే అర్థమవుతుంది. ఆయనకు కూడా కాళ్లకు చెప్పులు కావాలి. ఆ చెప్పులు కుట్టాల్సింది మాదిగ చేతులు. శఠగోపం కింద వంచినట్టే ఆ చెప్పుల కింద రెడ్లు, బ్రాహ్మణులు, వైశ్యులు, మనం అందరం తల వంచుతాం. మన ప్రాంతంలో ఏ శాస్త్రం చదవని మా అవ్వలకు కూడా ఈ విషయంలో సందేహం లేదు.

ఒక ఏడాది జాతర నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం నేను చూసింది ఇప్పుడు చెప్తాను. బండి తోలింది మా ఇంటి జీతగాడు. వాడ మనిషి. రెండు రోజులు మమ్మల్ని తీసుకుపోయి తీసుకొచ్చాడు. దాహమైంది, నీళ్లు అడిగాడు. మా అమ్మ చెంబుతో వచ్చింది. ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని దోసిలి పట్టాడు. మా అమ్మ పైనుంచి ఎత్తి పోసింది. ఒక్క చుక్క చెంబుకు తగలకుండా. నేను అప్పటికే ఆరో తరగతి. "అమ్మా, పొద్దున మనం ఉద్దాలు నెత్తిన పెట్టుకున్నం గదా, అవి కుట్టింది వీళ్లే గదా" అని అడిగాను. మా అమ్మ చెంబు దించి నా దిక్కు చూసింది. "అది దేవుడి ముచ్చట బిడ్డా, ఇది ఆచారం" అంది.

మా అమ్మ చెడ్డ మనిషి కాదు. శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. అడుక్కునేవాళ్లు వస్తే కంచంలోది కూడా పెట్టేది. ఆ జీతగాడి బిడ్డ పెళ్లికి తన కాళ్ల కడియాలు అమ్మి డబ్బులిచ్చింది. అంత భక్తి, అంత దయ ఉన్న మనిషి కూడా ఆ చెంబును అంగుళం కిందికి దించలేకపోయింది. దీని గురించి నేను నలభై ఏళ్లు ఆలోచించాను. భక్తి ఉన్నంత మాత్రాన మనిషి న్యాయంగా ఉంటాడని ఏమీ లేదు. భక్తి ఒక దిక్కు, అలవాటు ఒక దిక్కు లాగుతుంటే, ఎవరో ఒకరు ఎదురు నిలబడి అడిగేదాకా చాలామంది అలవాటు దిక్కే పోతారు.

నేనూ పోయాను. 1998లో మేం ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాం. నా క్లాస్‌మేట్‌ను పిలిచాను. పంక్తిలో కూర్చోబెడితే మా అత్తగారి దిక్కువాళ్లు ఏమంటారోనని టెన్షన్ పడి, ఆమెకు వెనక గదిలో వేరుగా విస్తరి వేశాను. "ఇక్కడైతే ఫ్యాన్ ఉంది" అని అబద్ధం చెప్పాను. ఆమె మాట్లాడకుండా తిని, నాకు జాకెట్ ముక్క పెట్టి, బస్సెక్కి పోయింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట ఎత్తలేదు. నేను క్షమించమని అడిగింది ఈమధ్యనే. కాబట్టి మీకంటే నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ విస్తరి నన్ను ఇప్పటికీ వదలడం లేదు, అందుకు రాస్తున్నాను.

దేవుడి పేరు మీద మన ప్రాంతంలో జరిగిన అన్యాయం చిన్నది కాదు. మక్తల్ దిక్కు బడిలో పనిచేసినప్పుడు నా క్లాసులో ఒక పాప ఉండేది. రిజిస్టర్‌లో తండ్రి పేరు గడి ఖాళీ. తల్లి జోగిని. చిన్నతనంలోనే ఎల్లమ్మకు ఇచ్చామని మెడలో తాళి కట్టి, ఊరందరి సొత్తును చేశారు. జాతరలో ముందు నడిచి ఆడాల్సింది ఆమె. శవం ముందు ఆడాల్సింది ఆమె. ఆమె కాళ్లకు మొక్కేవాళ్లు కూడా ఉండేవాళ్లు. కానీ ఆమె బిడ్డకు తండ్రినని చెప్పడానికి ఒక్కడు లేడు. ఆడపిల్లలను ఇలా దేవుడికి అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. నేను ఆ బడికి పోయేసరికి దానికి పదేళ్లు దాటింది. ఆ పాప ఒకరోజు నన్ను అడిగింది: "టీచర్, ఎల్లమ్మకు మా అమ్మనే ఎందుకు కావాల్సొచ్చింది? దొర బిడ్డ ఎందుకు వద్దంది?" ఆ ప్రశ్నకు జవాబు ఎల్లమ్మ దగ్గర ఉండదు. ఊరి పెద్దమనుషుల దగ్గర ఉంటుంది. జోగినులను చేసిన ఇళ్లలో చాలావరకు మాదిగ, మాల ఇళ్లే ఎందుకున్నాయో మన అందరికీ తెలుసు. "ఆచారం" అని మీరు అన్నప్పుడల్లా నాకు ఆ పాప ముఖమే గుర్తుకొస్తుంది. అది కూడా ఆచారమే అన్నారు.

ఇదే నమ్మకం మనుషులను కలిపిన సందర్భాలు కూడా మన నేల మీదే ఉన్నాయి. పీరీల పండుగ, అదే మొహర్రం, చూడండి. మన ఊర్లో ఉన్నది నాలుగు ముస్లిం ఇళ్లు. అయినా పీరీలు ఎత్తుకునేది బోయవాళ్లు, కురుమవాళ్లు, మాదిగవాళ్లు. అలావ (నిప్పుల గుండం) చుట్టూ అసోయ్ దూలా ఆడేటప్పుడు ఎవరి భుజం మీద ఎవరి చెయ్యి ఉందో ఎవరూ చూడరు. మలీద ముద్దలు ఏ ఇంటి నుంచి వచ్చినా కళ్లకద్దుకుని తింటాం. క్రీ.శ. 680లో కర్బలాలో, అన్యాయంగా గద్దెనెక్కినవాడికి తల వంచనని చెప్పి ప్రాణమిచ్చిన ఇమాం హుస్సేన్‌ను తలచుకుని పల్లెల్లో హిందువులు ఏడుస్తారు. ఆ పది రోజులు మన ఊర్లో కుల పట్టింపు ఎంత తగ్గుతుందో మీరు చూడలేదా?

కల్యాణ బసవన్నను కొలిచే లింగాయతులు మన నారాయణపేట, మక్తల్ దిక్కు చాలామంది ఉన్నారు. పన్నెండో శతాబ్దంలో ఆయన అనుచరుల్లో హరళయ్య చెప్పులు కుట్టే మనిషి. ఆయన, ఆయన భార్య తమ తొడల చర్మంతో చెప్పులు కుట్టి బసవన్నకు ఇస్తే, ఆయన వాటిని తొడుక్కోకుండా తలమీద పెట్టుకున్నాడని చెప్తారు. ఆ హరళయ్య కొడుక్కి, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మధువరసు కూతురికి శరణులు, అంటే బసవన్న అనుచరులు, పెళ్లి చేశారు. దానికి అప్పటి కల్యాణ రాజు బిజ్జలుడి రాజ్యం ఆ ఇద్దరు తండ్రులకు మరణశిక్ష వేసింది. ఎనిమిది వందల ఏళ్లకు పైగా అయింది. తల మీది చెప్పులు కల్యాణ పట్టణంలోనూ ఉన్నాయి, కురుమూర్తిలోనూ ఉన్నాయి. మధ్యలో ఉన్న మన ఊర్లో ఇంకా ట్రాక్టర్లో అన్నం పంపుతున్నాం.

ఇక మీరు చెప్పిన కారణాలకు వస్తాను.

"వాళ్లే రారు" అని చిన్నాయన అన్నాడు. నేను ఊరికి వచ్చి వాడలో అడిగాను. నా క్లాస్‌మేట్ వదిన వాకిట్లో బియ్యం చెరుగుతోంది. "పిలిస్తే రామా బిడ్డా? పిలువకపోతే ఎట్లొస్తం? పోయినసారి మా మామ గద్దె దాకా పోయిండని దండుగ వేసిన్రు. అది మర్చిపోయినరా మీరు?" అంది. దండుగ, అంటే జరిమానా, వేసిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మీలో కొందరికి తెలుసు. భయపెట్టి దూరం ఉంచి, తర్వాత వాళ్లే రావడం లేదని చెప్పడం తప్పు, చిన్నాయనా.

"వాడలో సగంమంది చర్చికి పోతారు, వాళ్లకు బొడ్రాయితో ఏం పని" అని ఇంకొకరు అన్నారు. ఎందుకు పోయారో ఒకసారి ఆలోచించండి. నల్లగొండకు, మన జిల్లాకు మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు వచ్చి నూరేళ్లు దాటింది. జడ్చర్లలో వాళ్ల దవాఖాన ఉంది. మనం వాకిట్లోకి రానివ్వని మనుషుల పుండ్లు అక్కడ చేతితో తుడిచారు. మనం బడిలో బయట కూర్చోబెట్టిన పిల్లలకు పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఏ దేవుడిని మొక్కాలన్నది వాళ్ల ఇష్టం. బొడ్రాయి దగ్గరికి రావాలా వద్దా అన్నది కూడా వాళ్ల ఇష్టమే. కానీ పిలుపు ప్రతి గడపకూ పోవాలి. మన ముస్లిం ఇళ్లకు పిలుపు పోయింది, చందా రాశారు, మంచి పని చేశారు. వాడ క్రైస్తవులకు మాత్రం మతం ఎందుకు అడ్డమొచ్చింది? అడ్డం మతం కాదని మీకూ తెలుసు.

"వాళ్లకు ఏం తక్కువ చేశాం, ట్రాక్టర్ నిండా అన్నమే కదా పంపేది" అని కమిటీలో ఒకాయన గట్టిగానే అడిగాడట. దీనికి జవాబు మన పక్క జిల్లా చెప్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లిలో ఉన్నాడు. అప్పుడది నల్లగొండ జిల్లా. హరిజనవాడలోని నలభై కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అట్లా మొదలైంది. అది గొప్ప పని, ఆ రోజు ఆ మనిషిలో ధర్మం కదిలింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ తర్వాత దేశమంతా దానమిచ్చిన భూముల్లో ఎన్నో పేదలకు చేరనే లేదు. భూదాన్ భూముల మీద కేసులు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడిన న్యాయం, ఆ మనసు మారితే పోతుంది. ట్రాక్టర్లో వచ్చే అన్నం కూడా అంతే. అది పెట్టేవాళ్ల దయ. వాడ అడిగేది దయ కాదు. వాళ్లు 2,000 ఇచ్చారు, వాళ్లు ఈ ఊరివాళ్లు, వాళ్ల తాతలు ఈ చెరువు కట్ట పోశారు. మన పంక్తిలో వాళ్లకు చోటు మనం ఇచ్చేది కాదు, ఎప్పుడూ వాళ్లదే. మనం అడ్డం కూర్చున్నాం, జరగాలి. అంతే.

చట్టం సంగతి మీకు తెలుసు కాబట్టి నాలుగు మాటల్లో చెప్తాను. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. 1955లో పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాయి. కేసు పెట్టిస్తానని బెదిరించడానికి ఇది చెప్పడం లేదు. మన ఊరి బొడ్రాయి ముచ్చట పోలీస్ స్టేషన్‌లో తేలకూడదనే నా కోరిక. మనమే తేల్చుకోవాలి.

యూత్ తమ్ముళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీలో చాలామంది బొంబాయి, పుణె పోయి వచ్చినవాళ్లు. మీ నాయినలు పాలమూరు లేబర్ అని పేరు పడి దేశమంతా డ్యాములు కట్టినవాళ్లు. అక్కడ రేకుల షెడ్డులో ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే గిన్నెలో తిని, ఒకే తట్టలో మట్టి మోశారు. జ్వరమొస్తే వాడ పిల్లవాడే మా తమ్ముడిని ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. రెండు రాత్రులు పక్కనే కూర్చున్నాడు. మా తమ్ముడు ఆ సంగతి చెప్తూ ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటాడు. అదే పిల్లవాడు బస్సు దిగి ఊర్లోకి రాగానే దూరం ఎందుకవుతున్నాడు? చాయ్ హోటల్లో ఒకప్పుడు వాడవాళ్ల గ్లాసులు చూరు కింద వేరుగా ఉండేవి. ఇప్పుడు అందరికీ పేపర్ గ్లాసులే కాబట్టి ఆ రోజులు పోయాయని మీరనుకుంటున్నారు. గ్లాసు మారింది. అరుగు మీద ఎవరు కూర్చుంటున్నారో, రోడ్డు మీద నిలబడి ఎవరు తాగుతున్నారో ఒకసారి చూడండి. డీజేకు, ఫ్లెక్సీలకు అయ్యే ఖర్చు గురించి కమిటీతో గంటలు గంటలు కొట్లాడారట. ఈ ఒక్క మాట కోసం పావుగంట కొట్లాడండి.

ఆచారం మారదని అనకండి. మన చిన్నప్పుడు బొడ్రాయికి మైకు లేదు, టెంటు లేదు, ఫ్లెక్సీ లేదు. ఆడవాళ్లు గద్దె మీద చెయ్యి పెట్టకూడదనేవాళ్లు. ఇప్పుడు మన సర్పంచ్ ఆడమనిషి, మొదటి కొబ్బరికాయ కొట్టేది ఆమే. ఎవరికీ కళ్లు పోలేదు. 2018లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుడిని చిలుకూరు బాలాజీ గుడి అర్చకుడే తన భుజాల మీద మోసుకుని తీసుకుపోయాడు. వేదం చదివిన ఆ అర్చకుడికి రాని అడ్డంకి మనకెందుకు వస్తుంది?

నేను అడిగేవి పెద్దవి కావు. మంత్రసాని అవ్వ వీధికి కూడా నీళ్ల బిందెల లిస్టులో పేరు రాయండి. హోమంలో ఒక మాదిగ జంటను, ఒక మాల జంటను కూర్చోబెట్టండి. ట్రాక్టర్ పెట్టొద్దు. అందరికీ ఒకే టెంటు కింద, ఒకే పంక్తిలో, ముందొచ్చినవాళ్లకు ముందు వడ్డించండి. వడ్డించేవాళ్లలో వాడ పిల్లలూ ఉండాలి. ఇది మర్చిపోవద్దు, ఎందుకంటే పక్కన కూర్చుని తినడానికి ఒప్పుకునేవాళ్లు కూడా వాళ్లు వడ్డిస్తే ముఖం తిప్పుకోవడం నేను చూశాను. డప్పులు గద్దె దాకా రావాలి. ఆ డప్పు మోగకపోతే ఊర్లో ఏ దేవతా కదలదని మనమే అంటాం, డప్పు కొట్టేవాడిని మూలమలుపులో ఆపుతాం. పోయినసారి వేసిన దండుగకు ఆ ఇంటికి పోయి తప్పయిందని చెప్పండి. ఆ పెద్దమనిషి ఇప్పుడు లేడు, ఆయన కోడలు ఉంది. అన్నింటికంటే ముందు, వాడ ఆడబిడ్డలకు పిలుపు పంపండి. ఎవరెవరు ఎక్కడ ఉన్నారో లిస్టు నా దగ్గర ఉంది. పద్నాలుగు మంది. ఫోన్ నంబర్లతో సహా రాసి మా తమ్ముడికి పంపాను.

మా ఇంటి చందా కట్టొద్దని నేను తమ్ముడికి చెప్పలేదు. చందా ఆపి బెదిరించడం నాకు ఇష్టం లేదు. ఇది నా ఊరు, ఇది నా బొడ్రాయి.

మా తమ్ముడు పోసే ఒడిబియ్యం నేను కాదనను. వాడలో నా క్లాస్‌మేట్ అన్న కూడా చెల్లెలికి ఒడిబియ్యం పోస్తానన్నాడు, పసుపు కలిపిన బియ్యం ఇప్పటికే మూట కట్టి పెట్టారు. ఆమెను పండుగకు రమ్మని నేను పిలిచాను, కమిటీ పిలుపు రాకముందే. పిలిచే హక్కు నాకు లేదేమో. కానీ ఒకప్పుడు తప్పుగా విస్తరి వేసిన చెయ్యి నాది. అందుకే పిలిచాను.

పండుగకు రెండు రోజుల ముందు సాయంత్రం మహబూబ్‌నగర్ బస్సుకు దిగుతాను. మా అమ్మ ఇత్తడి బిందె నా దగ్గరే ఉంది, చింతపండుతో తోమి పెట్టాను. ప్రతిష్ఠ రోజు పొద్దున నేను మా వీధి నుంచి రాను. వాడలోని బోరింగు దగ్గర బిందె నింపుకుని, నా క్లాస్‌మేట్ పక్కన నడిచి వస్తాను. మీరు లిస్టులో ఆ వీధి పేరు రాస్తే, ఆ పేరు పిలిచినప్పుడు వస్తాం. రాయకపోతే చివరలో వస్తాం. బొడ్రాయి దగ్గర కలుద్దాం.

ఇట్లు,
ఈ ఊరి ఆడబిడ్డ, టీచర్